కబాకా యెక్కా ధర ఎందుకు పడిపోయింది? ఉగాండా తొలి సంకీర్ణం, 1962–64

పొత్తుల పని నేర్చుకుందామని వచ్చే కుర్రాళ్ళకి నేను మొదట ఇచ్చే కేసు మన దేశానిది కాదు, ఉగాండాది. మన కేసు ఏది తీసుకున్నా వినేవాళ్ళు ముందు చెప్పేవాడు ఏ పార్టీ వాడో పసిగట్టే పనిలో పడతారు, కాసేపట్లో టీవీ డిబేట్ మొదలవుతుంది, అసలు విషయం గాలికి పోతుంది. ఉగాండాతో ఆ బాధ లేదు. అప్పటి ప్రధాని ఒబోటేకి గానీ, బుగాండా రాజు (కబాకా) ముటేసాకి గానీ ఇక్కడ అభిమాన సంఘాలు లేవు కదా.

నా పని ఏంటంటే, రెండు పార్టీలు పొత్తుకి కూర్చునే ముందు వాళ్ళ చేతిలో ఉండాల్సిన కాగితం తయారుచేయడం. ఎవరి బలం ఎక్కడుంది, ఎవరికి ఏది ప్రాణం, ఎవరు ఏది వదులుకోగలరు, కుదిరిన ఒప్పందం మొదట ఎక్కడ చిరుగుతుంది, ఇవీ అందులో ఉండేవి. ఈ కేసునీ ఆ లెక్కలోనే రాస్తున్నాను. దీన్ని తెగల గొడవగా, మతాల గొడవగా, లేదంటే ఒబోటే అనే ఒక్క మనిషి చేసిన నమ్మకద్రోహంగా చెబుతుంటారు. మూడింటిలోనూ కొంత నిజముంది. నాకు మాత్రం ప్రధానంగా కనిపించేది ఒక పార్టీ బేరమాడిన తీరు. తురుపు ముక్క వాళ్ళ చేతిలోనే ఉంది, కానీ దాన్ని ఎప్పటికీ వెయ్యరని అవతలి వాడికి ముందే తెలుసు.

ముందు స్థూలంగా. ఉగాండాకి స్వాతంత్ర్యం వచ్చింది 1962 అక్టోబర్ 9న. దానికి కొన్ని నెలల ముందు, ఏప్రిల్ ఎన్నికల తర్వాత, మిల్టన్ ఒబోటే నాయకత్వంలోని ఉగాండా పీపుల్స్ కాంగ్రెస్ (ఇకపై యూపీసీ), బుగాండా రాజ్యం తరఫున నిలబడ్డ కబాకా యెక్కా (ఇకపై కేవై) కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేశాయి. ప్రతిపక్షంలో డెమోక్రటిక్ పార్టీ (డీపీ). 1964 ఆగస్టు చివరికి పొత్తు తెగిపోయింది. రెండేళ్ళ నాలుగు నెలలు, అంతే. ప్రభుత్వం మాత్రం పడలేదు! ఒబోటే ప్రధానిగానే ఉన్నాడు, మిత్రపక్షం బయటికి పోయింది. మనం సంకీర్ణం కూలింది అనగానే ప్రభుత్వం కూలడం ఊహించుకుంటాం. ఇక్కడ కూలింది భాగస్వామి.

కేవైని అర్థం చేసుకోవాలంటే బుగాండాని అర్థం చేసుకోవాలి. దేశం నడిబొడ్డున ఉన్న రాజ్యం, కంపాలా అక్కడే, కాఫీ, పత్తి డబ్బులు అక్కడే, చదువుకున్నవాళ్ళు ఎక్కువమంది అక్కడివాళ్ళే. వాళ్ళ రాజుని కబాకా అంటారు, రాజధాని మెంగో, సభ పేరు లుకీకో. 1900 ఒప్పందంతో బ్రిటిష్ వాళ్ళు ఈ రాజ్యానికి మిగతా ప్రాంతాలకి లేని హోదా ఇచ్చారు. అందుకే స్వాతంత్ర్యం మాట వినిపించేసరికి మెంగోకి ఆనందం కన్నా భయం ఎక్కువైంది. కొత్త దేశంలో మేం ఒక జిల్లాగా మిగిలిపోతామా అని. 1953లో గవర్నర్ ఆండ్రూ కోహెన్ కబాకా ముటేసాని ఏకంగా ఇంగ్లండుకి పంపించేశాడు, 1955లో గానీ తిరిగి రానివ్వలేదు. దాంతో అప్పటిదాకా విలాస పురుషుడని పేరున్న రాజు జనానికి దేవుడైపోయాడు. 1960 డిసెంబర్ 31న లుకీకో తమంతట తామే స్వతంత్ర దేశం అయిపోయామని తీర్మానం కూడా చేసేసింది. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తర్వాత మెంగో వేసిన ఎత్తు వాళ్ళకే ఎదురు తిరిగింది. 1961 మార్చి ఎన్నికలని బహిష్కరించారు. బుగాండాలో అతి కొద్దిమంది తప్ప ఓటరుగా నమోదు కూడా చేసుకోలేదు. ఆ కొద్దిమందిలో ఎక్కువ మంది డీపీ వాళ్ళు. దాంతో బుగాండాలోని 21 సీట్లలో 20 డీపీ ఎగరేసుకుపోయింది, దేశం మొత్తం మీద యూపీసీకి డీపీ కన్నా ఓట్లు ఎక్కువ వచ్చినా (సుమారు 4.95 లక్షలు, డీపీకి 4.16 లక్షలు) అధికారం మాత్రం డీపీకి దక్కింది. డీపీ నాయకుడు బెనెడిక్టో కివానుకా ముఖ్యమంత్రి అయ్యాడు, 1962 మార్చి 1న స్వపరిపాలన వచ్చాక ప్రధాని కూడా అయ్యాడు.

ఇప్పుడు కివానుకా ఎవరో చూడండి. బుగాండా మనిషే. కానీ సామాన్య కుటుంబం, పైగా క్యాథలిక్. మెంగో ఆస్థానం మొదటినుంచీ ప్రొటెస్టంట్ల చేతిలో ఉంది, 1892లో క్యాథలిక్, ప్రొటెస్టంట్ వర్గాలు మెంగోలో తుపాకులతో కొట్టుకున్న చరిత్ర ఉంది, పదవుల పంపకం అప్పటినుంచీ మతం లెక్కనే. అలాంటి చోట తమ రాజు కన్నా పై కుర్చీలో తమ ప్రజల్లోనే ఒక క్యాథలిక్ సామాన్యుడు కూర్చోవడం మెంగోకి మింగుడు పడలేదు. ఒబోటే ఉత్తరాన లాంగో ప్రాంతం వాడు, బయటివాడు, పైగా రాజరికం మీద అంత మోజు లేనివాడు. అయినా ఒబోటేతో కూర్చోగలరు గానీ కివానుకాతో కూర్చోలేరు. బయటివాడితో రాజీ చేసుకుంటే దాన్ని రాజనీతి అనుకోవచ్చు. సొంత మనిషికి తలొంచితే అది పరువు తక్కువ. మన ఊళ్ళలో పంచాయతీ ఎన్నికలు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

1961 మధ్యలో కేవై పుట్టింది. కబాకా ఒక్కడే, ఇంకెవరూ కాదు అనేదే పార్టీ పేరు, అదే మేనిఫెస్టో. దీనికి పార్టీ కమిటీలు, సిద్ధాంతం లాంటివి పెద్దగా లేవు, అది ఒక ఊపు. ఆ ఊపుని యూపీసీతో కలపడంలో ముఖ్య పాత్ర గ్రేస్ ఇబింగిరాది. పేరు చూసి ఆడమనిషి అనుకోకండి, ఆంకోలే ప్రాంతానికి చెందిన లాయర్, యూపీసీ నాయకుడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

బేరం ఎలా కుదిరింది

1961 సెప్టెంబర్, అక్టోబర్‌లలో లండన్ లాంకాస్టర్ హౌస్‌లో రాజ్యాంగ సమావేశం జరిగింది. అక్కడ బుగాండాకి రెండు వరాలు దొరికాయి. ఒకటి సమాఖ్య హోదా. రెండోది, జాతీయ అసెంబ్లీకి బుగాండా నుంచి వెళ్ళే 21 మందిని నేరుగా జనం కాకుండా లుకీకో ఎన్నుకునే అవకాశం. ఈ రెండో దాన్ని కివానుకా గట్టిగా వ్యతిరేకించాడు, ఒబోటే సమర్థించాడు. ఒబోటే ఎందుకు సమర్థించాడో లెక్క తెలిసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. బుగాండాలో యూపీసీకి బలం లేదు, నేరుగా ఎన్నికలు పెడితే డీపీ కొన్నయినా గెలుస్తుంది. లుకీకో ద్వారా అయితే డీపీకి ఒక్కటీ రాదు. యూపీసీ బుగాండాలో పోటీకి దిగదు, కేవై కంపాలాలో, అంటే జాతీయ అసెంబ్లీలో, యూపీసీకి మద్దతిస్తుంది. నా దగ్గరికి ఈ బేరం వచ్చి ఉంటే, కుదిరిన రోజు వరకూ చూసి శభాష్ అనేవాణ్ణి. రెండు పార్టీల ఓట్లు ఎక్కడా ఒకదాన్ని ఒకటి తినవు, ఇంతకంటే తేలికైన సర్దుబాటు ఉండదు.

1962 ఫిబ్రవరిలో లుకీకో ఎన్నికలు. 68 సీట్లలో కేవైకి 65, డీపీకి 3. ఏప్రిల్ 25న జాతీయ ఎన్నికలు. యూపీసీ 37, డీపీ 24, లుకీకో పంపిన కేవై సభ్యులు 21. మొత్తం 82. ప్రధానిగా ఉన్న కివానుకాకి అసలు అసెంబ్లీలో సీటే లేదు. బుగాండా మనిషి కాబట్టి లుకీకో దారి తప్ప వేరే దారి లేదు, ఆ దారి మూసేశారు. ప్రతిపక్ష నాయకుడిగా బేసిల్ బటరింగాయా వచ్చాడు.

ఇక్కడ ఒక నిమిషం ఆగి కాగితం మీద కూడండి. 82లో సగం దాటాలంటే 42. యూపీసీ, కేవై కలిస్తే 58. బాగుంది. డీపీ, కేవై కలిస్తే? 45. అంటే కేవై ఎటు వెళ్తే అటు ప్రభుత్వం! చిన్న పార్టీకి ఇంతకన్నా మంచి చోటు రాజకీయాల్లో దొరకదు. కానీ ఆ రెండో కూడిక ఎప్పటికీ జరగదని మెంగోకి తెలుసు, కివానుకాకి తెలుసు, అందరికన్నా బాగా ఒబోటేకి తెలుసు. కుర్రాళ్ళకి నేను చెప్పేది ఇదే, మీ పార్టీ లేకపోతే అవతలి వాడికి ప్రభుత్వం రాదన్నది సగం బలం, అవతలి వాడు లేకపోయినా మీరు వేరే చోటికి పోగలగడం మిగతా సగం. కేవై దగ్గర మొదటి సగమే ఉంది.

ఆ మొదటి సగం కూడా కనిపించినంత గట్టిది కాదు. ఎన్నికైన సభ్యులు కాక, అసెంబ్లీయే ఎన్నుకునే ప్రత్యేక సభ్యులు 9 మంది ఉన్నారు. వాటిలో 6 యూపీసీ, 3 కేవై పంచుకున్నాయి. ఇప్పుడు సభ 91, యూపీసీ 43, కేవై 24, డీపీ 24. మెజారిటీ 46. చూశారా? ఒబోటేకి తక్కువైంది ముగ్గురు. కేవై 24 మందితో మద్దతిస్తున్నా అని లెక్కేసుకుంది, ఒబోటే దృష్టిలో కేవై విలువ మొదటి రోజు నుంచే ముగ్గురు మనుషులు. పైగా ఆ 6 ప్రత్యేక సీట్లు యూపీసీకి వెళ్ళేలా ఓటేసింది ఎవరు? కేవై కూడా. ఆ రోజు కేవై తరఫున కాగితం, పెన్సిలు పట్టుకున్నవాడు ఒక్కడున్నా 6కి 3 దగ్గర కాదు, 5కి 4 దగ్గర పట్టుబట్టేవాడు. ఒక్క సీటే తేడా అంటారేమో, మూడు సీట్ల కొరత ఉన్న చోట ఒక్క సీటు చిన్నది కాదు.

అప్పుడు ఉగాండాలో ఫిరాయింపుల చట్టం లాంటిదేం లేదు. మనకీ 1985లో పదో షెడ్యూల్ వచ్చేదాకా లేదనుకోండి, వచ్చాక ఏం జరుగుతోందో కూడా చూస్తున్నాం.

రెండేళ్ళ గడువు

ఇక ఒప్పందంలో ఉన్న అసలు మందుపాతర. 1890ల్లో పక్క రాజ్యం బున్యోరో రాజు కబలేగా మీద యుద్ధంలో బుగాండా బ్రిటిష్ వాళ్ళకి సాయం చేసింది. దానికి బహుమతిగా బున్యోరో భూములు కొన్ని తీసి బుగాండాకి ఇచ్చారు. పోయిన కౌంటీలు అంటారు వాటిని. బున్యోరో రాజుల సమాధులు కూడా ఆ భూముల్లో ఉన్నాయి, వాటిలో కొన్ని చోట్ల జనంలో ఎక్కువమంది బున్యోరో వాళ్ళే. స్వాతంత్ర్యం దగ్గరపడుతుంటే బున్యోరో మా భూమి మాకివ్వండి అని పట్టుబట్టింది. మోల్సన్ నాయకత్వంలో వేసిన కమిషన్ బుయాగా, బుగంగైజీ అనే రెండు కౌంటీలు బున్యోరోకి ఇచ్చేయమంది. బ్రిటిష్ ప్రభుత్వం ఆ పని చేయలేదు. స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్ళ తర్వాత ఆ రెండు కౌంటీల్లో రెఫరెండం పెట్టుకోండి, అంతదాకా కేంద్రమే వాటిని పాలిస్తుంది అని రాజ్యాంగంలో రాసి ఓడెక్కేసింది.

పెద్దమనుషులు తీర్పు చెప్పకుండా వాయిదా వేసి వెళ్ళిపోతే ఊళ్ళో ఏమవుతుందో తెలుసుగా. ఈ వాయిదా ఇద్దరికీ అప్పటికి నచ్చింది. బుగాండా ఈ రెండేళ్ళలో ఏదో ఒకటి చేసుకోవచ్చనుకుంది. ఒబోటేకి ముందు కుర్చీ ముఖ్యం. కానీ గడువు ఒకటే అయినా అది ఇద్దరికీ ఒకేలా పనిచేయలేదు. 1964 అక్టోబర్ తర్వాత ఎప్పుడైనా మిత్రపక్షానికి ప్రాణమైన భూమి మీద ఓటు పెట్టాలని ఒబోటేకి 1962లోనే తెలుసు, అంటే ఆ లోపు మిత్రపక్షం అవసరం లేని స్థితికి రావాలి. చేతిలో క్యాలెండర్ ఉంది, తక్కువైంది ముగ్గురే. కేవై మాత్రం అదే రెండేళ్ళని ఇంకా టైముంది అన్నట్టు గడిపింది.

పొత్తు ఒప్పందాల్లో ఇలాంటి తేదీ కనిపిస్తే నేను మిగతా పేజీలు తర్వాత చదువుతాను. ముందు ఆ తేదీ నాటికి ఎవరి అవసరం ఎవరికి ఎంత ఉంటుందో చూస్తాను.

మరి ఈ రెండేళ్ళలో కేవైకి ఏం దక్కింది? మంత్రి పదవులు దక్కాయి, ఆర్థిక శాఖ అమోస్ సెంపాకి వచ్చింది. వాటన్నిటికన్నా పెద్దది, రాజుకి దేశాధ్యక్ష పదవి. 1963 అక్టోబర్ 9 దాకా బ్రిటన్ రాణి పేరు మీద గవర్నర్ జనరల్ ఉండేవాడు, ఆ రోజు నుంచి ముటేసా ఉగాండా మొదటి అధ్యక్షుడు. బుసోగా అధిపతి విల్బర్‌ఫోర్స్ నడియోపే ఉపాధ్యక్షుడు. మెంగోలో సంబరాలు, మా రాజు కన్నా పైన ఇంకెవరూ లేరు అని.

ఈ కేసులో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం, అంటే పనివాడిగా నచ్చినది, ఇదే. అధ్యక్ష పదవిలో అధికారం లేదు. గౌరవం ఉంది, సంతకం ఉంది. ప్రధాని సలహా ప్రకారం సంతకం పెట్టాలి. రేపు పోయిన కౌంటీలు బున్యోరోకి అప్పగించే కాగితం వస్తే సంతకం పెట్టాల్సింది ఎవరు? అదే ముటేసా. పెడితే బుగాండా రాజుగా సొంత జనం ముందు తల ఎత్తుకోలేడు. పెట్టకపోతే దేశాధ్యక్షుడిగా రాజ్యాంగాన్ని కాదన్నవాడవుతాడు. కేవై అడిగి మరీ తెచ్చుకున్న పదవి వాళ్ళ నాయకుణ్ణి ఈ రెండింటి మధ్యలో నిలబెట్టింది. ఒబోటే ఇది ముందే ఆలోచించి ఇచ్చాడా, లేక ఇచ్చాక కలిసొచ్చిందా అన్నది వాదించుకోవచ్చు. నా అనుభవంలో పెద్ద పార్టీ అడగ్గానే ఇచ్చేసే పదవి ఏదైనా ఉంటే ఆ పదవి ఫైలు రెండుసార్లు చదవాలి.

అటు ముటేసా కూడా ఊరికే కూర్చోలేదు. పోయిన కౌంటీల్లో, ఎన్డైగా అనే చోట, బుగాండా మాజీ సైనికుల్ని తీసుకెళ్ళి స్థిరపడేలా చేశాడు. భూములిచ్చారు, ఇళ్ళు కట్టారు. ఓటు వచ్చేసరికి మన జనం ఎక్కువుండాలి, అంతే ప్లాన్. ఆలోచన మనకి కొత్తేం కాదు, ఎన్నికల ముందు ఓట్లు బదిలీ చేయించుకునే పెద్దలు ఇక్కడా ఉన్నారు. కానీ ప్లాన్ మొత్తం ఒక్క ఊహ మీద నిలబడింది, కొత్తగా వచ్చినవాళ్ళకి ఓటుంటుందని. ఆ విషయం తేల్చేది కేంద్రం. కేంద్రం అంటే ఒబోటే.

ముగ్గురు ఎక్కడి నుంచి వచ్చారు

ఒబోటే కేవైతో గొడవ పెట్టుకోలేదు. ముందు సభలో తన సంఖ్య పెంచుకున్నాడు. డీపీ సభ్యులు, వాళ్ళతో పాటు కొందరు కేవై సభ్యులు కూడా, ఒకరి తర్వాత ఒకరు యూపీసీ బెంచీల మీదికి వచ్చారు. డీపీ వాళ్ళు ఎందుకొచ్చారో ఊహించడం కష్టం కాదు, వాళ్ళ నాయకుడు సభ బయట ఉన్నాడు, నియోజకవర్గంలో రోడ్డు, స్కూలు కావాలంటే మంత్రి కావాలి. కేవై వాళ్ళు కూడా రావడం మాత్రం మొదటిసారి చదివినప్పుడు నాకు వింతగా అనిపించింది. రాజు పేరు మీద పుట్టిన పార్టీ కదా. తర్వాత ఆలోచిస్తే అందులో వింత లేదు. వాళ్ళని పంపింది జనం కాదు, లుకీకో. ఒక్కొక్కరికీ సొంత ఊళ్ళో నిలబెట్టే ఓటరు లేడు, మెంగో దయ తప్ప. అలాంటి మనిషి కంపాలాలో మంత్రులతో భోజనాలు చేస్తూ రెండేళ్ళు ఉన్నాక, మెంగో దయ కన్నా ప్రధాని దయ దగ్గరగా కనిపిస్తుంది. పైకి లుకీకో ఎన్నిక కేవైకి దొరికిన వరంలా ఉంది, లోపల మాత్రం సభ్యుల్ని వేళ్ళు లేని చెట్లుగా చేసింది.

అదే సమయంలో యూపీసీ బుగాండాలో పార్టీ ఆఫీసులు తెరవడం మొదలెట్టింది. పొత్తు మొదట్లో ఆ ప్రాంతం కేవైకి వదిలేస్తామన్న మాటకి ఇది ఎదురు. మెంగో మండిపడింది, యూపీసీ మాది దేశమంతటి పార్టీ అంది. బుగాండాకి కేంద్రం ఇవ్వాల్సిన డబ్బుల లెక్క మీద ఇంకో తగాదా, అది కోర్టుల దాకా వెళ్ళింది. వీటిని వేరు వేరు గొడవలుగా చూడొద్దు. ఒక పార్టీకి ఇంకో పార్టీ అవసరం తగ్గుతున్న కొద్దీ పాత మాటలన్నీ ఒక్కొక్కటిగా అర్థం మారిపోతుంటాయి. పొత్తు తెగే ముందు నేను మొదట చూసేది పత్రికల్లో తిట్లు కాదు, కింద స్థాయిలో ఎవరు ఎక్కడ ఆఫీసు అద్దెకి తీసుకున్నారన్నది.

1964 జనవరిలో జింజాలో సైన్యం జీతాల కోసం తిరగబడింది. ఒబోటే బ్రిటిష్ దళాల్ని పిలిపించాడు, జీతాలూ పెంచాడు. మన కేసుకి కావలసింది ఇంతే, అప్పటినుంచి ఒబోటే లెక్కల్లో సైన్యం కూడా ఒక పార్టీ అయింది. మెంగో ఆ లెక్క చాలా ఆలస్యంగా వేసుకుంది.

ఆగస్టు నాటికి యూపీసీకి సొంతంగా స్పష్టమైన మెజారిటీ ఉంది. అదే నెల చివర్లో పోయిన కౌంటీల రెఫరెండం బిల్లు వచ్చింది, పొత్తు ముగిసిందని ఒబోటే ప్రకటించాడు. వరస గమనించండి. మొదట మనుషులు, తర్వాత బిల్లు, అప్పుడు వీడ్కోలు. బిల్లు ముందు పెట్టి ఉంటే కేవై బెదిరించే వీలుండేది, ప్రభుత్వాన్ని పడగొడతామని. పడగొట్టే బలం పోయాకే బిల్లు వచ్చింది.

రెఫరెండం నవంబర్ 4న జరిగింది. 1962 ఎన్నికల్లో అక్కడ ఓటరుగా నమోదైన వాళ్ళకే ఓటు అని కేంద్రం తేల్చింది. ఎన్డైగాలో దింపిన మాజీ సైనికులు, కట్టిన ఇళ్ళు, పెట్టిన ఖర్చు, అన్నీ ఆ ఒక్క వాక్యంతో పోయాయి. రెండు కౌంటీల్లో కలిపి బుగాండాకి పడ్డవి మూడున్నర వేల ఓట్ల చిల్లర, రెండు చోట్లా బున్యోరో గెలిచింది. ముటేసా సంతకం పెట్టనన్నాడు. ఒబోటే ప్రధానిగా తనే పెట్టేశాడు. అంటే రాజు ఇబ్బంది పడడానికి పనికొచ్చిన సంతకం, ఆపడానికి పనికిరాలేదు. 1965 జనవరి 1న కౌంటీలు బున్యోరోకి వెళ్ళాయి. బుగాండాలో అల్లర్లు, పోలీసు కాల్పులు, జనం కోపం మెంగో మంత్రుల మీదికే మళ్ళింది. బుగాండా ప్రధాని మైకేల్ కింటు రాజీనామా చేయాల్సి వచ్చింది. డిసెంబర్ ఆఖరున ప్రతిపక్ష నాయకుడు బటరింగాయా కూడా తన మనుషులతో యూపీసీలోకి వెళ్ళిపోయాడు. ప్రతిపక్ష నాయకుడే!

తర్వాత ఏమైంది

పొత్తు తెగకముందే, 1964 ఏప్రిల్‌లో, గులూలో జరిగిన పార్టీ మహాసభలో ఇబింగిరా, జాన్ కకోంగెని ఓడించి యూపీసీ ప్రధాన కార్యదర్శి అయ్యాడు. కకోంగె వామపక్షం వాడు, అతన్ని తప్పించడం ఆ రోజు ఒబోటేకి కూడా ఇష్టమే. కానీ తర్వాత ఇబింగిరా సొంత గుంపు కట్టాడు, ఒబోటేకి వ్యతిరేకంగా. బయట ఓడిపోయిన కేవై వాళ్ళు అప్పుడు యూపీసీ లోపలికి వచ్చి అతని వెనక చేరారు. 1966 ఫిబ్రవరి 4న దౌదీ ఒచెంగ్ అనే కేవై సభ్యుడు కాంగో నుంచి వచ్చిన బంగారం, ఏనుగు దంతాల వ్యవహారంలో సైన్యాధికారి ఇదీ అమీన్ మీద విచారణ కోరుతూ తీర్మానం పెట్టాడు. సభలో యూపీసీ వాళ్ళతో సహా అందరూ సరే అన్నారు, వ్యతిరేకించింది కకోంగె ఒక్కడే. ఒబోటే ఆ సమయంలో ఉత్తరాది పర్యటనలో ఉన్నాడు. తిరిగొచ్చి ఫిబ్రవరి 22న క్యాబినెట్ మీటింగ్ జరుగుతుండగానే ఇబింగిరాతో సహా ఐదుగురు మంత్రుల్ని అరెస్ట్ చేయించాడు. రెండు రోజులకి రాజ్యాంగాన్ని సస్పెండ్ చేశాడు. మే 24న అమీన్ సైన్యం మెంగో రాజభవనం మీద పడింది, ముటేసా గోడ దూకి తప్పించుకుని లండన్ చేరాడు, 1969లో అక్కడే చనిపోయాడు. 1967 రాజ్యాంగంతో రాజ్యాలే రద్దయ్యాయి. ఒబోటేని 1971 జనవరిలో దింపింది కూడా అదే అమీన్.

ఇది విన్నాక ఎవరో ఒకరు అడుగుతారు, అయితే కేవై డీపీతో వెళ్ళాల్సిందంటారా అని. వెళ్ళాల్సిందని కాదు. వెళ్ళగలం అన్న అనుమానం ఒబోటేకి కలిగించాల్సింది. 1962లో కివానుకాతో ఒక్కసారి, అందరికీ తెలిసేలా, టీ తాగి ఉంటే చాలు, ప్రత్యేక సీట్ల పంపకం దగ్గరే తేడా వచ్చేది. 1963లో డీపీ సభ్యులు జారిపోతున్నప్పుడు కేవై సంతోషించింది, పాత శత్రువు బలహీనపడుతున్నాడని. అక్కడ పోతున్నది తన రెండో దారి అని చూడలేదు. చివరికి 1966 ఫిబ్రవరిలో కేవై, మిగిలిన డీపీ, యూపీసీ అసమ్మతి వర్గం ఒకే వైపు ఓటేశాయి, అదే కూడిక, నాలుగేళ్ళు ఆలస్యంగా. అప్పటికి తూకం సభలో లేదు, బారక్స్‌లో ఉంది.

మెంగో తరఫున ఆ కాగితం నేను రాసి ఉంటే ఏం అడిగేవాణ్ణని ఇంకో ప్రశ్న. అధ్యక్ష పదవి అడిగేవాణ్ణి కాదు, ఇస్తామన్నా రెఫరెండం అయ్యేదాకా వద్దనేవాణ్ణి. ప్రత్యేక సభ్యుల్లో నలుగురిని అడిగేవాణ్ణి. 21 మందిలో కొందరినైనా నేరుగా జనంతో ఎన్నిక చేయించమని మెంగోనే ఒప్పించడానికి ప్రయత్నించేవాణ్ణి, అది వాళ్ళకి అస్సలు నచ్చదు, నన్ను గేటు బయటికి పంపినా ఆశ్చర్యం లేదు. వీటన్నిటికన్నా ముందు, రెఫరెండంలో ఎవరికి ఓటుంటుంది, ఆ జాబితా ఎవరు తయారుచేస్తారు, ఏ తేదీ నాటి నివాసం లెక్కలోకి వస్తుంది అన్నవి స్వాతంత్ర్యానికి ముందే, బ్రిటిష్ వాళ్ళు బల్ల దగ్గర ఉండగానే, రాసి పెట్టించుకునేవాణ్ణి. అప్పుడు కూడా ఆ రెండు కౌంటీలు బున్యోరోకే పోయేవి, జనం వాళ్ళు కాబట్టి. కానీ 1962లోనే ఆ విషయం తేలిపోతే ముటేసా ఎన్డైగాలో ఇళ్ళు కట్టించేవాడు కాదు, రెండేళ్ళ పాటు కేవై దాని మీదే కళ్ళు పెట్టుకుని కూర్చునేది కాదు, సభలో ఎవరు ఏ బెంచీ మారుతున్నారో చూసుకునే తీరికయినా మిగిలేది.